ఎడమ మోకాలు

ఆ సోమవారం పొద్దున్న ఏలూరు మీద ఆకాశం పిండని పంచెలా బరువుగా వేలాడుతోంది. రాత్రంతా కురిసి తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది గాని మబ్బు కదల్లేదు. తూర్పున ఒక్కచోట మాత్రం చిరుగు పడి, అందులోంచి పల్చటి వెలుతురు దిగి, కాలేజీ ఆటస్థలంలో నిలిచిన నీళ్ళ మీద పడింది. గోలుకర్రలు ఆ నీళ్ళలో నిలబడి ఉన్నాయి. కొంగ ఒకటి వచ్చి, నడిగీత ఉండవలసిన చోట వాలి, ఒంటికాలి మీద నిలబడింది.

ముసలయ్య దాన్ని తోలలేదు. నీళ్ళు దిగితే అదే పోతుంది. ఆటసామాన్ల గది అరుగు మీద కూర్చుని, గోలుకి కట్టే వలని కాలి బొటనవేలికి తగిలించుకుని, తెగిన కళ్ళు అల్లుకుంటున్నాడు. కాలేజీలో అతని ఉద్యోగం మార్కరు. సున్నంతో గీతలు గీయాలి, గోలు వెనక నిలబడి బంతులందించాలి, హాకీ కర్రల పిడులకి దారం చుట్టాలి, గోలీ కాళ్ళకి కట్టుకునే ప్యాడ్ల తోలుపట్టీలు కుట్టాలి. కొల్లేటి లంకలో పుట్టినవాడు చేతిలో ఉండగా వల కొనడమెందుకని కాలేజీవాళ్ళు పదకొండేళ్ళుగా వల కొనలేదు. తుమ్మచెక్క కాచిన నీళ్ళలో ముంచి ఆరేసిన ఆ ఎర్ర వల తడిస్తే ఇప్పటికీ లంక వాసన వేసేది.

గది వెనక రేకుల కొట్టులో మేనల్లుడు సూరిబాబు ఇంకా లేవలేదు. సీనియర్ ఇంటరు. కాలేజీ హాకీ జట్టుకి గోలీ. మార్చిలో పరీక్షలైతే కాలేజీతో సరి. ఆటకి ఇదే ఆఖరి ఏడు. ఈ ఏడు మొదటి పోటీ ఏలూరులోనే, వచ్చే వారం బుధవారం, భీమవరం జట్టుతో. ఆ ఆట చూడటానికి బెజవాడ నుంచి రైల్వే ఆయన ఒకరు వస్తున్నారని, నచ్చినవాళ్ళ పేర్లు రాసుకుపోతారని, రాసుకుపోయిన పేర్లకి ఉద్యోగాల కాగితాలు వస్తాయని నెలరోజులుగా చెప్పుకుంటున్నారు. లంకలో సూరిబాబు తల్లి మరిడమ్మకి కూడా ఆ సంగతి చేరింది. రైలంటే ఆవిడకి కైకలూరులో చేపల గంపలు ఎక్కించేదేగాని, కొడుకు ఎక్కి కూర్చునేది కాదు. అందుకని రెండుసార్లు అడిగి చెప్పించుకుందిట.

మొన్న శుక్రవారం, నేల నీళ్ళపాలైందని, ఫిజికల్ డైరెక్టరు దేవసహాయం గారు జట్టంతటినీ రైలెక్కించి తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు. యుద్ధం రోజుల్లో విమానాలు దిగిన సిమెంటు బాట ఉందక్కడ. దాని మీద ప్రాక్టీసు ఆడించారు. తడి సిమెంటు మీద బంతి దొర్లదు, జారుతుంది. ఎక్కడ ఆగుతుందో కొట్టినవాడికే తెలియదు. సూరిబాబు ఒక బంతికి ఎడమ పక్కకి పడ్డాడు. లేచాడు, ఆట పూర్తిచేశాడు, రైల్లో అందరితోపాటు నవ్వాడు కూడా. ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం బాసింపట్టు వెయ్యలేక ఎడమకాలు చాచుకున్నాడు. నడకలో ఏమీ తెలియదు. మడిచినప్పుడే మోకాలు ఒక్క లిప్త ఆలోచించుకునేది. ముసలయ్య ఏమిటని అడగలేదు. ఆముదం వెచ్చచేసి తెచ్చి మోకాలి చిప్ప చుట్టూ బొటనవేలితో రాశాడు.

"పి.డి. గారికి చెప్పకు మావయ్యా," అన్నాడు సూరిబాబు.

చెప్పనన్నాడు ముసలయ్య.

ఆ పొద్దున్న అరుగు దగ్గరికి గొడుగు ముడుచుకుంటూ లక్ష్మీకాంతం గారు వచ్చారు. ఇంగ్లీషు ట్యూటరు, ఈ జూన్‌లోనే చేరిన కుర్ర మనిషి. బెజవాడ పేపరుకి అప్పుడప్పుడు ఆటల సంగతులు రాస్తారు. పోటీలు మొదలవకముందే ఏడు కాలేజీల జట్లలో ఎవరి బలమెంతో రాసిమ్మన్నారుట పేపరువాళ్ళు. ఆయన తడి అరుగు అని కూడా చూడకుండా ముసలయ్య పక్కన కూర్చున్నారు.

"ముసలయ్య గారూ, గోలు వెనక నిలబడి అందరి ఆటా చూసినవారు ఈ ఊళ్ళో మీరొక్కరేనట. పి.డి. గారే చెప్పారు. మీరు చెబితే నేను రాస్తాను."

ముసలయ్య చేతిలో వల అల్లే వెదురు కండె ఆగింది. పదకొండేళ్ళలో ఆ కాలేజీలో అతన్ని మీరన్నవాళ్ళు లేరు. చప్రాసీ కూడా నువ్వనేవాడు.

లంకలో ఒక పట్టింపు ఉంది. వలకి వెళ్ళేవాడు ముందుగా చేప పేరు ఎత్తడు. ఎక్కడికని అడిగితే "నీళ్ళు చూసొద్దామని" అంటాడు. ఏ మడుగులో పడతాయో, ఎవరి దోనె నిండుతుందో ముందు నోటితో అనరు. అన్నవాడి దోనెలో ఆ రోజు ఎవరూ కాలు పెట్టరు. ముసలయ్య తండ్రి ఒకసారి అలా మాట జారి, మూడు రోజులు ఒంటరిగా వల లాగాడు. అందుకే ముసలయ్య ముందు, నాకేం తెలుసండీ, ఆటయ్యాక అడగండి అన్నాడు. లక్ష్మీకాంతం గారు లేవలేదు. నోటుపుస్తకం తెరిచి మోకాలి మీద పెట్టుకుని, కొంగ వంక చూస్తూ కూర్చున్నారు. పోనీ భీమవరం వాళ్ళ పొడుగాయన సంగతి చెప్పండి చాలునన్నారు.

ఆ పొడుగాయన సంగతి ముసలయ్యకి నిరుటి నుంచి నాలిక చివరే ఉంది.

"ఆయన కొట్టబోయే చోటు ముందు చూస్తాడండీ. ఎక్కడ చూస్తే అక్కడికే కొడతాడు. బంతిని కాదు, ఆయన కళ్ళని చూస్తే చాలండి."

అలా మొదలై ఒకటొకటే వచ్చాయి. కాకినాడ వాళ్ళకి ఇసక నేల అలవాటు, బంతి ఆగిపోతుందని గట్టిగా కొడతారు, మన మట్టి మీద అది వాళ్ళవాణ్ణే దాటిపోతుంది. రాజమండ్రి వాళ్ళ కర్రలు కొత్తవి, నూనె పట్టలేదు, వానలో చీలతాయి. బెజవాడ వాళ్ళు కుడిచేతి పక్కనే గుంపు కడతారు, ఎడమ పక్క బీడు. బందరు వాళ్ళు మొదట గోలు తింటే కోలుకోరు. నరసాపురం వాళ్ళు ఆటలో అంతంతమాత్రమేగాని ఒకడు పడితే ఇద్దరొచ్చి లేపుతారు, అలాంటి జట్టు ఆఖర్న పైకొస్తుంది. చెబుతూ ఉంటే అతని చేతులు కూడా ఊరుకోలేదు. ఒక్కో జట్టుకి నాలుగైదు కళ్ళు అల్లుకుపోయాయి. లక్ష్మీకాంతం గారి పెన్సిలు గీరుతూనే ఉంది. మధ్యమధ్య ఆయన, ఎంత బాగా చూశారండీ అనేవారు.

"మరి మనవాళ్ళు?"

"మనకి గోలీ మంచివాడండీ," అన్నాడు ముసలయ్య. పడవ ఎలా ఉందని అడిగితే పడవవాడు ఎక్కడ కారుతోందో కూడా కలిపి చెబుతాడు. అదే వరసలో అతని నోరు తనంతట తనే నడిచింది. "ఎడమపక్క, నేల మీద వచ్చే బంతికి ఒక్క లిప్త ఆలస్యంగా వంగుతున్నాడండీ. మోకాలు. గూడెంలో పడ్డాడు. అది వారం రోజుల్లో దారికొచ్చేస్తుందిలెండి."

పెన్సిలు ఆ మాట కూడా రాసుకుంది. రేకుల కొట్టు తలుపు కిర్రుమంది. సూరిబాబు తువ్వాలు భుజాన వేసుకుని, వేపపుల్ల నములుతూ నూతి దగ్గరికి పోతున్నాడు. ట్యూటరు గారికి దణ్ణం పెట్టాడు. ఆయన నవ్వి లేచారు. కొంగ ఎప్పుడు పోయిందో ముసలయ్య చూడలేదు.

పేపరు గురువారం మధ్యాహ్నం రైలుకి వచ్చింది. సాయంత్రానికి కుర్రాళ్ళందరూ అరుగు మీద పోగయ్యారు. ఒకడు చదువుతుంటే మిగిలినవాళ్ళు జట్టు జట్టుకీ నవ్వుతున్నారు. భీమవరం పొడుగాయన కళ్ళ దగ్గర చప్పట్లు కొట్టారు. ముసలయ్య కొంచెం దూరంలో కూర్చుని కర్ర పిడికి దారం చుట్టుకుంటున్నాడు. తన మాటలు ఇంకొకరి గొంతులో, పుస్తకం భాషలో వినబడుతుంటే అతనికి మెడ వెనక వెచ్చగా అనిపించింది. తల ఎత్తలేదు.

ఆఖర్న ఏలూరు వచ్చింది. చదివేవాడు నవ్వుతూనే మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించాడు.

"ఏలూరు గోల్‌కీపరు ఎడమవైపు నేలబారుగా వచ్చే బంతులకు ఒక క్షణము ఆలస్యముగా వంగుచున్నాడు. ఎడమ మోకాలి దెబ్బ ఇంకను మానలేదని తెలియవచ్చినది."

అక్కడితో అయిపోయింది. ముసలయ్య ఇంకో వాక్యం కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాడు. చదివేవాడు పేపరు మడిచేశాడు.

సూరిబాబు ప్యాడ్లకి నూనె రాస్తున్నాడు. అతని చెయ్యి ఆగలేదు. తోలు మీద అదే చోట, తాగినంత తాగాక కూడా, రాస్తూనే ఉన్నాడు. గూడెంలో దెబ్బ తగిలిన సంగతి జట్టులో ఎవరికీ తెలియదు. తెలిసింది ఒక్క మనిషికి. ఆ మనిషి వంక అతను ఒక్కసారి చూసి, మళ్ళీ తోలు వంక చూసుకున్నాడు.

లక్ష్మీకాంతం గారు ఆ సాయంత్రమే వచ్చి, మీ మాటలన్నీ అచ్చయ్యాయి చూశారా అని సంతోషంగా చెప్పారు. ఆ వారం రోజుల మాటేదండీ అని ముసలయ్య అడిగితే, చోటు చాలక పేపరువాళ్ళు ఆఖరి పంక్తి తీసేశారని, ఎక్కడైనా అలాగే చేస్తారని అన్నారు. ఆయన మొహంలో కల్మషం లేదు. ముసలయ్యకి ఒక పేపరు ఉంచుకోమని ఇచ్చి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న దేవసహాయం గారు ఆటసామాన్ల గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పెద్ద మనిషి, నెమ్మది మనిషి. గొంతు పెంచి ఎరగరు. సూరిబాబు బయట అరుగు మీద కర్రలు ఎండకి పెడుతున్నాడు. కిటికీ తెరిచే ఉంది.

"ముసలయ్యా, పేపర్లో పడింది నిజమేనా?"

"నిజమేనండీ."

"లక్ష్మీకాంతానికి చెప్పింది నువ్వేనా?"

"ఆయ్. నేనేనండీ."

బయట కర్ర ఒకటి జారి నేల మీద పడింది. మళ్ళీ తీసి పెట్టిన చప్పుడైంది.

దేవసహాయం గారు టేబిలు మీది బంతిని అరచేత్తో దొర్లించారు. తను వాణ్ణి తీసెయ్యదలుచుకోలేదన్నారు. రెండో గోలీ దెందులూరు బుచ్చిబాబు ఉన్నాడు గాని వాడు సూరి కాలిగోటికి చాలడని తనకీ తెలుసునన్నారు. అయితే భీమవరం వాళ్ళూ పేపరు చదువుతారు. పదకొండుమందీ ఆ ఎడమకాలి మీదే కొడతారు. మానని మోకాలైతే కుర్రాడు జన్మకి కుంటివాడైపోతాడు.

"నాకు ఒక్కటే చెప్పు. వాడి కాలు రోజూ నువ్వే పట్టి చూస్తుంటావు. బుధవారానికి మానుతుందా? మానుతుందని నువ్వనూ, నేను వాణ్ణే దింపుతాను. డాక్టరు కన్నా నీ చెయ్యే నాకు నమ్మకం."

ముసలయ్య చూపు తన చేతుల మీదికి పోయింది. నిన్న రాత్రి సూరిబాబు కాలు ఇవ్వలేదు. నూనె గిన్నె తనే తీసుకుని గోడ వైపు తిరిగి రాసుకున్నాడు. అంతకు ముందు రాత్రి మాత్రం మోకాలి చిప్ప కింద మొదట్లో తగిలిన బిరుసు చిక్కుడు గింజంత కూడా లేదు. బుధవారానికి ఉండదు. అతని బొటనవేలికి ఆ సంగతి తెలుసు. "మానుతుందండీ" అన్న మాట పళ్ళ దాకా వచ్చింది.

వచ్చి ఆగిపోయింది. సోమవారం ముందుగా అన్న మాట ఎక్కడికి పోయి ఎలా తిరిగొచ్చిందో కళ్ళెదుటే ఉంది. మళ్ళీ నోరు తెరిచి జరగబోయేది అనెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. ఇంకోసారి అంటే ఈసారి పోయేది వాడి కాలేనేమో అనిపించింది. తండ్రి మూడు రోజులు ఒంటరిగా వల లాగి వచ్చి, అరిచేతులు చూపించి, ఇక నా నోట ముందుమాట రాదురా అన్నది గుర్తొచ్చింది.

"అది ముందుగా నేననలేనండీ," అన్నాడు.

"అంటే?"

"ఆ రోజు చూసుకోవాలండీ."

దేవసహాయం గారు నిట్టూర్చి బంతిని పెట్టెలో వేశారు. ఆ మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద జట్టు పేర్లు పెట్టారు. గోలీ అన్నచోట బుచ్చిబాబు పేరుంది. సూరిబాబుది అట్టడుగున, అదనపు ఆటగాళ్ళలో.

ఆ రాత్రి నుంచి సూరిబాబు హాస్టలు కుర్రాళ్ళతో తిని వచ్చేవాడు. వచ్చి దీపం దగ్గర పుస్తకం పెట్టుకునేవాడు. మావయ్యా అని పిలిచేవాడు, నీళ్ళు తోడి పెట్టేవాడు, అడిగిన దానికి జవాబు చెప్పేవాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. అంటే బావుణ్ణని ముసలయ్య రోజూ ఎదురుచూశాడు. వండిన అన్నం రెండో మనిషిది అలాగే ఉండేది. పొద్దున్న అందులో నీళ్ళు పోసి ముసలయ్య చద్దన్నం చేసుకునేవాడు.

బుధవారానికి నేల ఆరింది. ముసలయ్య తెల్లవారుజామునే లేచి సున్నం గీతలు గీశాడు, ఎర్ర వల కట్టాడు. మూడింటికి జనం గట్టు మీద నిండారు. రైల్వే ఆయన తెల్లచొక్కా వేసుకుని, ప్రిన్సిపాలు గారి పక్కన, బల్లకుర్చీ మీద కూర్చున్నారు. సూరిబాబు బుచ్చిబాబుకి ప్యాడ్లు కడుతున్నాడు. మోకాలి మడత దగ్గర పట్టీ ఎంత వదులుండాలో వేలు పెట్టి చూసి మరీ కట్టాడు.

"పొడుగాయన కళ్ళు చూడు. బంతిని చూడకు," అన్నాడు వాడితో.

బుచ్చిబాబు తల ఊపి, "నువ్వుండాల్సిన చోటురా ఇది," అన్నాడు. మంచి కుర్రాడు. సూరిబాబు వాడి వీపు మీద చరిచి గట్టెక్కాడు.

ఆట అయిందనిపించింది, అంతే. భీమవరం వాళ్ళు పేపరు చదువుకుని వచ్చారు. గోలులో ఉన్నది ఆ మనిషి కాదని తెలిసినా, చదివినది మనసులో పడిపోయి, వచ్చిన ప్రతి బంతినీ గోలీ ఎడమకాలి వైపే కొట్టారు. బుచ్చిబాబు ఎడమ వైపుకే కాచుకు నిలబడ్డాడు. బంతులు వాడి ప్యాడ్లకి తగిలి వెనక్కి పోయాయి. కుడి పక్క బార్లా తెరుచుకునే ఉంది. అటు ఒక్కటీ రాలేదు. ఏలూరు రెండు గోలులు కొట్టి గెలిచింది. కుర్రాళ్ళు బుచ్చిబాబుని భుజాల మీదికెత్తుకున్నారు. రైల్వే ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. గోలు వెనక నిలబడ్డ ముసలయ్యకి ఆయన పెదవులు బుచ్చిబాబు ఇంటి పేరు అడగడం కనబడింది. రెండువందల ఎకరాల రైతు బిడ్డ, రైల్లో ఉద్యోగం వాడికి దేనికో. వాడు కూడా సిగ్గుపడుతూనే చెప్పాడు.

ముసలయ్య వల విప్పి మడతపెట్టాడు. ఒక్క కన్ను కూడా తెగలేదు.

మర్నాటి నుంచి దసరా సెలవులు. మామాఅల్లుళ్ళిద్దరూ కాలవగట్టు పట్టి దక్షిణంగా నడిచారు. సూరిబాబు నాలుగడుగులు ముందు. రేవులో ముసలయ్య తాటిదోనె బోర్లించి ఉంది. దాన్ని తిప్పి, నీళ్ళలోకి తోసి, గడకర్ర పట్టుకుని వెనక నిలబడ్డాడు. పక్కనే మరో దోనె లంకకి బయల్దేరుతోంది. దాని తాలూకు తాతాజీ, "రావోయ్ సూరీ, ఇందులో చోటుంది," అని కేకేశాడు.

సూరిబాబు మూట చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. లంకలో పుట్టినవాడే, ముందు మాటన్న వాడి దోనెలో కాలు పెట్టరని తెలుసు. ముసలయ్య గడకర్ర వంకే చూస్తున్నాడు. పోతే పొమ్మందామనే ఉన్నాడు. కాసేపటికి దోనె ముందు వైపు బరువు దిగింది. సూరిబాబు అతనికి వీపు పెట్టి, కాళ్ళు చాపుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ముసలయ్య గడ వేశాడు. దారి పొడుగునా కిక్కిస గడ్డి దోనె అంచులకి రాసుకుంటూ పోయింది.

మరిడమ్మ వాకిట్లో వల ఆరేస్తోంది. కొడుకుని చూసి నవ్వలేదు. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. కైకలూరు నుంచి ఐసుపెట్టెలతో వచ్చిన బేరగాడు పేపరు చదివి వినిపించాడట. పొయ్యి దగ్గర కూర్చుని, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నీ కాలు సంగతి ఆళ్ళకి ఎవరు చెప్పార్రా?"

పొయ్యి మీద మట్టగిడస పులుసు ఉడుకుతోంది.

"నేనే చెప్పానే అమ్మా," అన్నాడు సూరిబాబు. "కాలు నొప్పిగా ఉంటే, ఆడలేనన్నాను."

"నీ నోటితో నువ్వే?"

"ఊఁ."

ఆవిడ గరిటె గిన్నె అంచున పెట్టింది. ఇన్నేళ్ళు నీళ్ళలో నానిన చేతులతో మొహం తుడుచుకుంది. నోరు కట్టుకోవడం తెలియని కొడుకుని కన్నాను అని మాత్రం అంది, అదీ పొయ్యితో అన్నట్టు.

ముసలయ్య ఆవిడ వైపు తిరిగాడు. "మరిడీ, అది వాడు కాదు. నేను..."

"అన్నం చల్లారిపోతోంది మావయ్యా," అన్నాడు సూరిబాబు. కంచం అతని ముందుకి జరిపాడు.

మరిడమ్మ ముగ్గురికీ వడ్డించింది. అన్నగారని చేప తలకాయ ముసలయ్య కంచంలోనే వేసింది. ముసలయ్య అన్నంలో చెయ్యి పెట్టి, ఎదురుగా చూశాడు. సూరిబాబు తన కంచం దగ్గరికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎడమకాలు కుడితొడ కిందికి, ఎక్కడా ఆగకుండా, చిన్నప్పటిలాగే మడిచి పోయింది. మోకాలు చాపకి ఆనింది. సూరిబాబు తల వంచుకుని ముద్ద కలుపుతున్నాడు.

ముసలయ్య ఆ మోకాలి వంక చూసి, కంచంలోకి చూసుకున్నాడు. ముగ్గురూ తిన్నారు. మరిడమ్మ అడక్కుండానే మరోసారి పులుసు పోసింది.